డొమైన్ మార్చాక గూగుల్‌లో సైట్ మాయం

ప్రశ్న: మేడమ్, పాత ఫిల్మ్ కెమెరాలను ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవడం ఎలాగో చెప్పే వెబ్‌సైట్ ఒకటి చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. వ్యాసాలు 140 దాకా ఉంటాయి. పాత పేరు మరీ పొడుగు, పైగా మధ్యలో రెండు గీతలు. ఎవరికైనా నోటితో చెప్పాలంటే నరకం. అందుకని ఈమధ్య చిన్న పేరుతో కొత్త డొమైన్ కొని, సైట్ మొత్తాన్ని అక్కడికి కాపీ చేశాను. పాత డొమైన్ కొన్న కంపెనీ ప్యానెల్‌లో 'ఫార్వర్డింగ్' అని ఉంటే అందులో కొత్త అడ్రస్ పెట్టాను. బ్రౌజర్‌లో పాత పేరు కొడితే కొత్త సైట్ చక్కగా తెరుచుకుంటోంది కదా అని పాత హోస్టింగ్ ఆపేశాను. కొన్నాళ్లకి చూస్తే గూగుల్‌లో ఇంకా పాత పేరే వస్తోంది. చిరాకేసి, సైట్ ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో 'రిమూవల్స్'కి వెళ్లి పాత డొమైన్ మొత్తాన్ని తీసేయమని అడిగాను. మర్నాటికి పాతది పోయింది. కొత్తది మాత్రం రాలేదు. సైట్ పేరు ఉన్నదున్నట్టు కొట్టినా రావడం లేదు. సెర్చ్ కన్సోల్‌లో నా కొత్త పేజీలకు 'ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కెనానికల్ ట్యాగ్' అని ఉంది, అంటే అంతా సరిగ్గానే ఉన్నట్టే కదా? గూగుల్ నాకేమైనా శిక్ష వేసిందా? ఇంకో డొమైన్ కొని మళ్లీ మొదలుపెట్టమంటారా?

జవాబు: ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. ఇంకో డొమైన్ జోలికి పోకండి. చిక్కు ఇప్పుడు రెండు పేర్ల మధ్య ఉంది. మూడోది కొంటే అది కూడా ఇందులో ఇరుక్కుంటుంది.

శిక్ష పడిందో లేదో చూసుకోవడం నిమిషం పని. సెర్చ్ కన్సోల్ మెనూలో 'మాన్యువల్ యాక్షన్స్' అని ఉంటుంది, తెరవండి. సమస్యలేమీ లేవని చూపిస్తే గూగుల్ మనుషులెవరూ మీ సైట్ మీద చర్య తీసుకోలేదన్నమాట. పాత డొమైన్‌కీ కొత్తదానికీ విడివిడిగా చూడండి. నాకైతే అక్కడ ఏమీ దొరకదనే అనిపిస్తోంది. సైట్ ఎందుకు మాయమైందో మీ ఉత్తరంలోనే ఉంది.

మీరు తేలిగ్గా తీసుకున్న ఆ కెనానికల్ మెసేజ్‌తోనే మొదలుపెడదాం. ఒకే సరుకు రెండు మూడు అడ్రసుల్లో ఉన్నప్పుడు, వీటిలో అసలుది ఏదో సైటే చెప్పుకోవడానికి గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి 2009 ఫిబ్రవరిలో తెచ్చిన ఏర్పాటు కెనానికల్ ట్యాగ్. పేజీ కోడ్ పైభాగంలో ఒక్క లైను. చదివేవాళ్లకు కనిపించదు, సైట్లను తిరిగి చూసే గూగుల్ ప్రోగ్రామ్, అంటే గూగుల్‌బాట్, చదువుకుంటుంది. మీకొచ్చిన మెసేజ్‌కి అర్థం ఇది: 'ఈ పేజీ, అసలు నేను కాదు, అసలుది ఫలానా చోట ఉంది అంటోంది. సరే, నమ్మాను, అక్కడిదే చూపిస్తాను.' ఆ ఫలానా చోటు ఏమిటో మీరే చూడొచ్చు. కొత్త సైట్‌లో ఏదైనా వ్యాసం తెరిచి, కంట్రోల్ నొక్కి యూ కొడితే కోడ్ వస్తుంది. అందులో కెనానికల్ అనే మాట వెతకండి. పక్కనే మీ పాత డొమైన్ అడ్రస్, రెండు గీతలతో సహా, కూర్చుని ఉంటుందని నా అంచనా. సైట్‌ను కాపీ చేసినప్పుడు ఆ లైను కూడా కాపీ అయింది. మీ 140 వ్యాసాలూ గూగుల్‌తో 'నేను నకలుని' అని చెప్పుకుంటున్నాయి.

ఇక ఫార్వర్డింగ్. డొమైన్ అమ్మే కంపెనీల ప్యానెళ్లలో కనిపించే ఆ పెట్టె చాలాచోట్ల 302 అనే కోడ్‌తో రీడైరెక్ట్ (ఒక అడ్రస్ నుంచి ఇంకోదానికి పంపే ఆదేశం) ఇస్తుంది. 301 కావాలంటే మనం వెతికి మార్చుకోవాలి. చదివేవాళ్లకు రెంటికీ తేడా తెలియదు, రెండూ కొత్త సైట్‌కే తీసుకెళ్తాయి. గూగుల్‌కి తెలుస్తుంది. 301 అంటే శాశ్వతంగా మారిపోయాం, ఇకమీదట కొత్త అడ్రసే మాది అని. 302 అంటే ప్రస్తుతానికి అటు వెళ్లు, మా అడ్రస్ మాత్రం ఇదే అని. 308 అనేది 301కీ, 307 అనేది 302కీ జోడీలు, ఎక్కడైనా కనిపిస్తే కంగారుపడకండి.

అంటే మీ కొత్త సైట్ పాతదే అసలుదని చెప్పింది, పాత డొమైన్ కూడా నేనే అసలు అంది. ఇద్దరూ ఒకే మాట చెబితే గూగుల్ మాత్రం ఏం చేస్తుంది? పాత పేరునే ఫలితాల్లో ఉంచింది. మీకు చిరాకు తెప్పించింది అదే. సరిగ్గా అప్పుడు మీరు వెళ్లి ఆ పాతదాన్ని దాచెయ్యమన్నారు. రిమూవల్స్ చేసే పని దాచడం ఒక్కటే, అదీ సుమారు ఆరు నెలలు. పాతదాన్ని దాచితే ఆ చోటు కొత్తదానికి రాదు. గూగుల్ ఎంచుకున్నదేమో తెర వెనక ఉంది, మీరు చూపించాలనుకున్నదేమో తాను నకలునంటోంది. ఇక ఫలితాల్లో మిగిలేదేముంది?

కాబట్టి అన్నిటికంటే ముందు ఆ రిమూవల్ రద్దు చేయండి. అదే పేజీలో మీ కోరిక జాబితాలో ఉంటుంది, దాని పక్కన మూడు చుక్కల మీద నొక్కితే రద్దు చేసే దారి కనిపిస్తుంది. పాత లింకులు మళ్లీ కనిపిస్తాయని బాధపడకండి. ఆ పాత లింకులే మీ చదువరులను కొత్త ఇంటికి తీసుకొచ్చేవి.

తర్వాత కెనానికల్. మీది ఏ సాఫ్ట్‌వేరో రాయలేదు. వర్డ్‌ప్రెస్ అయితే ఎస్ఈఓ ప్లగిన్ సెట్టింగుల్లో గానీ, థీమ్ ఫైల్లో ఎవరో చేత్తో రాసిపెట్టిన లైనులో గానీ, డేటాబేస్‌లో గానీ పాత పేరు ఉంటుంది. బ్యాకప్ తీసుకుని డేటాబేస్ అంతటా పాత పేరును కొత్త పేరుతో మార్చండి. దానికి ప్లగిన్లు ఉన్నాయి, చేత్తో మార్చబోకండి. వ్యాసంలోంచి వ్యాసానికి ఇచ్చిన లింకులు, బొమ్మల అడ్రసులు కూడా దీంతో సరిపోతాయి. ఆ తర్వాత క్యాష్ (సైట్ దాచిపెట్టుకున్న పాత కాపీలు) క్లియర్ చేయండి. చాలామంది ఇదొక్కటీ మర్చిపోయి, మార్చినా మారలేదని తలపట్టుకుంటారు.

అసలు కష్టం రీడైరెక్ట్ దగ్గర ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. బ్రౌజర్‌లో పాత పేరు కొడితే కొత్త సైట్ తెరుచుకుంటోంది అన్నారు. ఆ పరీక్ష చాలదు. మీరు కొట్టింది హోమ్‌పేజీ. గూగుల్ దగ్గర ఉన్నవి, ఇతర సైట్లు మీకిచ్చిన లింకులు లోపలి వ్యాసాలవి. పైగా ఒకసారి చూసిన 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్‌ను మళ్లీ అడక్కుండానే మిమ్మల్ని పంపించేయొచ్చు. ఇలా చేయండి. ఒక ప్రైవేట్ విండో తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టండి. ఇప్పుడు పాత డొమైన్‌లో ఏదో ఒక వ్యాసం పూర్తి అడ్రస్, ఉదాహరణకు బిగుసుకుపోయిన షట్టర్ మీద రాసినది, ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండేలా కొట్టండి. మొదటి వరుస మీద నొక్కితే కుడివైపు స్టేటస్ కోడ్, దాని కింద 'లొకేషన్' అనే లైను కనిపిస్తాయి. చూడాల్సినవి ఈ రెండే.

స్టేటస్ దగ్గర 302 ఉంటే పైన చెప్పిందే. లొకేషన్ దగ్గర షట్టర్ వ్యాసం కొత్త అడ్రస్ కాకుండా ఉత్త హోమ్‌పేజీ అడ్రస్ ఉంటే అది ఇంకో దెబ్బ. అడిగింది షట్టరైతే ఇచ్చింది ముఖద్వారం. ఇలా అన్ని పేజీలనూ హోమ్‌పేజీకి తోసేస్తే గూగుల్ వాటిని 'సాఫ్ట్ 404' కింద, అంటే లేని పేజీల కింద జమకడుతుంది. ఇన్నేళ్లలో ఆ వ్యాసానికి వచ్చిన లింకుల బలం కొత్త వ్యాసానికి చేరదు.

అసలు ఏ కోడూ రాకుండా, సర్టిఫికెట్ (సైట్ అసలుదేనని చూపే డిజిటల్ పత్రం) తప్పు అనో కనెక్షన్ కుదరలేదనో బ్రౌజర్ ఎర్రజెండా చూపించే అవకాశం కూడా ఉంది. మీరు పాత హోస్టింగ్ ఆపేశానన్నారు కాబట్టి నా అనుమానం దీనిమీదే ఎక్కువ. హెచ్‌టీటీపీఎస్ లింకు నొక్కగానే బ్రౌజర్ ముందు పాత డొమైన్ సర్టిఫికెట్ అడుగుతుంది. అది సరిపోయాకే రీడైరెక్ట్ సంగతి వింటుంది. సర్టిఫికెట్ లేకపోతే మీ రీడైరెక్ట్ ఎంత బాగా రాసినా దానిదాకా ఎవరూ రారు, గూగుల్‌బాట్ కూడా రాదు. కొన్ని కంపెనీల ఫార్వర్డింగ్ పెట్టె సర్టిఫికెట్ కూడా చూసుకుంటుంది, కొన్నిటిది ఉత్త హెచ్‌టీటీపీకే పనిచేస్తుంది. 'పాత సైట్‌లో ఏమీ లేదుగా, దానికి సర్టిఫికెట్ దేనికి' అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. ఆ ఏమీ లేని సైటే ఇప్పుడు మీకు అన్నిటికంటే ముఖ్యం.

మందు ఏమిటంటే, ఆ ఫార్వర్డింగ్ పెట్టెను వదిలేయండి. పాత డొమైన్ డీఎన్ఎస్‌ను (ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగును) మీ కొత్త హోస్టింగ్ వైపు తిప్పి, అక్కడ దాన్ని అదనపు డొమైన్‌గా చేర్చండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా వస్తుంది. దాని గడువు ఎక్కువలో ఎక్కువ 90 రోజులు, కాబట్టి దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవాలి. ఆపైన, పాత అడ్రస్‌లో డొమైన్ తర్వాత ఏముందో దాన్ని అలాగే ఉంచి కొత్త డొమైన్‌కు 301తో పంపే రూల్ రాయాలి. అపాచీ సర్వర్ అయితే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో రెండు మూడు లైన్ల పని, హోస్టింగ్ సపోర్ట్ వాళ్లను అడిగినా చేసిపెడతారు. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూతో ఉన్న పేరుకూ, లేని పేరుకూ రెంటికీ వర్తించేలా చూడండి. పాత హెచ్‌టీటీపీ నుంచి పాత హెచ్‌టీటీపీఎస్‌కి, అక్కణ్నుంచి కొత్తదానికి, కొత్తదాంట్లో మళ్లీ డబ్ల్యూలు ఉన్నదానికి, ఇలా గొలుసులా కాకుండా ఒక్క గెంతులో చేరాలి. గూగుల్‌బాట్ 10 గెంతుల దాకా వెంటపడుతుంది, ఆ తర్వాత వదిలేస్తుంది. మీకు అంత పొడవు గొలుసు ఉండదు గానీ, ప్రతి గెంతూ చదివేవాళ్ల సమయం తింటుంది.

ఇదంతా అయ్యాకే సెర్చ్ కన్సోల్‌కి మళ్లీ వెళ్లండి. పాత డొమైన్ ప్రాపర్టీ (అక్కడ చేర్చిన ఒక్కో సైట్‌ని అలా అంటారు) సెట్టింగుల్లో 'చేంజ్ ఆఫ్ అడ్రస్' ఉంటుంది. రెండు డొమైన్లకూ ఒకే గూగుల్ అకౌంట్‌తో మీరు ఓనర్‌గా ఉండాలి. హోమ్‌పేజీ 301 పనిచేస్తోందో లేదో అది ముందే పరీక్షిస్తుంది, అందుకే ఈ పనిని చివరికి పెట్టాను. ఇప్పటి పరిస్థితిలో నొక్కితే ఒప్పుకోదు. కొత్త అడ్రసులతో సైట్‌మ్యాప్, అంటే పేజీల జాబితా ఫైల్, ఇవ్వండి. నాలుగైదు ముఖ్యమైన వ్యాసాలకు 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి, చాలు. 140కీ కూర్చుని నొక్కుతూ చేతులు నొప్పి తెచ్చుకోకండి.

ఇక వేచి ఉండటమే. మీ అంత సైట్‌కి ఎక్కువ పేజీలు మారడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా 'పేజ్ విత్ రీడైరెక్ట్' అనే మెసేజ్ పాత ప్రాపర్టీలో పెరుగుతూ పోతుంది. అది రావలసిన మెసేజే, టెన్షన్ పడొద్దు. అదే మెసేజ్ కొత్త ప్రాపర్టీలో మీ వ్యాసాలకు వస్తే మాత్రం రూల్ ఎక్కడో తిరగబడిందని అర్థం. ఆ వారాల్లో థీమ్ మార్చడం, అడ్రసుల వరస మార్చడం లాంటివి పెట్టుకోకండి. రోజుకో కొత్త మార్పు చేస్తే దేనివల్ల ఏం జరిగిందో మీకూ తెలియదు, సలహా ఇచ్చేవాళ్లకూ తెలియదు. 'వందల సెర్చ్ ఇంజిన్లకు సబ్మిట్ చేస్తాం' అని మెయిల్ పెట్టేవాళ్లకు డబ్బులు కట్టకండి.

రీడైరెక్ట్ వల్ల ర్యాంకు బలం కొంత ఆవిరైపోతుందని మీకు ఎవరైనా చెప్పినా నమ్మకండి. 301, 302 లాంటి వాటివల్ల పేజ్‌ర్యాంక్ (లింకుల వల్ల పేజీకి వచ్చే బలం) పోవడం లేదని గూగుల్‌లో పనిచేసే గ్యారీ ఇలియస్ 2016లోనే చెప్పారు.

ప్రశ్న: డొమైన్ మార్చాం. పాత సైట్ గూగుల్‌లోంచి త్వరగా పోవాలంటే దాని రోబోట్స్ ఫైల్లో (సెర్చ్ ఇంజిన్లు ఎక్కడికి రావొద్దో చెప్పేది) అన్నీ బ్లాక్ చేసి, పేజీలకు నోఇండెక్స్ (ఫలితాల్లో చూపించొద్దనే ట్యాగ్) కూడా పెట్టమని మా డెవలపర్ అంటున్నాడు. పెట్టమంటారా?

జవాబు: ఒక్కటీ పెట్టకండి. రోబోట్స్ ఫైల్లో బ్లాక్ చేస్తే గూగుల్‌బాట్ మర్యాదగా గుమ్మంలోనే ఆగిపోతుంది. లోపల 301 ఉందన్న సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. నోఇండెక్స్ సంగతి ఇంకా తమాషా. ఆ ట్యాగ్‌ను చదవాలంటే పేజీలోకి రావాలి, రోబోట్స్ ఫైలేమో రానివ్వదు. రెండూ కలిపి పెడితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. 301 ఒక్కటి సరిగ్గా పనిచేస్తే పాతది దానంతటదే తప్పుకుంటుంది. మీ డెవలపర్‌ను నిందించకండి, ఈ సలహా చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది.

ప్రశ్న: రీడైరెక్ట్ 301, కెనానికల్ కొత్తదే, సర్టిఫికెట్ ఉంది. అయినా కొత్త డొమైన్ నుంచి ఒక్క పేజీ కూడా గూగుల్‌కి ఎక్కలేదు.

జవాబు: వర్డ్‌ప్రెస్ అయితే సెట్టింగ్స్‌లో 'రీడింగ్' పేజీ తెరిచి కిందికి వెళ్లండి. సెర్చ్ ఇంజిన్లను రావొద్దని చెప్పే చెక్‌బాక్స్ ఒకటి ఉంటుంది. సైట్ కట్టేటప్పుడు టిక్ పెట్టి, తెరిచేటప్పుడు తీయడం మర్చిపోతారు. అది ఖాళీగానే ఉంటే, సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో 'టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్' నొక్కి చూడండి. మీ బ్రౌజర్‌లో తెరుచుకునే పేజీ అక్కడ 403 (లోపలికి రానివ్వం అనే కోడ్) ఇస్తుంటే మీ ఫైర్‌వాల్ గూగుల్‌బాట్‌ను దొంగ అనుకుని తరిమేస్తోందన్నమాట. దేశాన్ని బట్టి జనాన్ని వేరే పేజీకి పంపే ఏర్పాటు ఉన్నా ఇబ్బందే. గూగుల్‌బాట్ ఎక్కువగా అమెరికా ఐపీ అడ్రసుల నుంచే వస్తుంది, మీరు చూసే పేజీని అది చూడకపోవచ్చు.

ఇవేవీ కాకపోతే, మీ 'కొత్త' డొమైన్ నిజంగా కొత్తదేనా? ఇంతకుముందు ఎవరిదగ్గరైనా ఉండి ఉండొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పేరు కొట్టి పాత పేజీలు చూడండి. అక్కడ జూదం, మందుల స్పామ్ లాంటివి కనిపిస్తే, మాన్యువల్ యాక్షన్స్ పేజీతోపాటు రిమూవల్స్ పేజీ కూడా తనిఖీ చేయండి. పాత ఓనర్‌కి పడిన శిక్ష, ఆయన పెట్టిన తొలగింపు కోరిక డొమైన్‌తోపాటు మీకు సంక్రమిస్తాయి. శిక్ష ఉంటే ఓనర్ మారాడని వివరంగా రాసి పునఃపరిశీలన కోరవచ్చు.

ప్రశ్న: సైట్ అని రాసి, కోలన్ పెట్టి, నా డొమైన్ కొడితే గూగుల్ 12 పేజీలే చూపిస్తోంది. నావి 60 ఉన్నాయి. మిగతావి పోయినట్టేనా?

జవాబు: ఆ లెక్కను పట్టించుకోకండి. ఆ రకం వెతుకులాటలో ఉన్న పేజీలన్నీ చూపిస్తామని గూగుల్ ఎప్పుడూ మాట ఇవ్వలేదు. సెర్చ్ కన్సోల్‌లో 'పేజెస్' రిపోర్ట్ చూడండి. అది కూడా ఖాళీగా ఉందంటే మీరు చేర్చిన ప్రాపర్టీ ఏదో చూసుకోండి. అడ్రస్ కొట్టి చేర్చిన ప్రాపర్టీలో సరిగ్గా ఆ అడ్రస్‌తో మొదలయ్యేవే లెక్కకొస్తాయి. సైట్ డబ్ల్యూలు లేకుండా నడుస్తుంటే డబ్ల్యూలతో చేర్చిన ప్రాపర్టీలో సున్నాలే కనిపిస్తాయి. డీఎన్ఎస్ ద్వారా 'డొమైన్ ప్రాపర్టీ' చేర్చుకుంటే అన్నీ ఒకేచోట వస్తాయి.

ప్రశ్న: గూగుల్‌లో కొత్త పేరు వచ్చేసింది. బింగ్, డక్‌డక్‌గోల్లో ఇంకా పాతదే ఉంది.

జవాబు: బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో కొత్త సైట్ చేర్చి సైట్‌మ్యాప్ ఇవ్వండి, సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా దిగుమతి చేసుకునే వీలుంది. మార్పులను సెర్చ్ ఇంజిన్లకు వెంటనే తెలిపే 'ఇండెక్స్‌నౌ' అనే పద్ధతి 2021 నుంచి బింగ్, యాండెక్స్‌లకు ఉంది, దానికి ప్లగిన్లు దొరుకుతాయి. డక్‌డక్‌గో మామూలు లింకులను ఎక్కువగా బింగ్ నుంచే తీసుకుంటుంది. బింగ్‌లో మారితే అక్కడా మారుతుంది.

ప్రశ్న: కొత్త డొమైన్ కుదురుకుంది. పాతది ఎప్పుడు వదిలేయొచ్చు?

జవాబు: రీడైరెక్ట్‌లను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. వీలైతే పాత పేరును మీ దగ్గరే ఉంచేసుకోండి అని నేనంటాను. మీరు వదిలిన పేరును మర్నాడే కొనుక్కోవడానికి కాచుకుని ఉండేవాళ్లు ఉంటారు. దానికున్న పరపతి వాడుకుని చెత్త నింపుతారు. ఈ బెడద ఎంత ముదిరిందంటే గూగుల్ 2024 మార్చిలో దీనికోసమే స్పామ్ నియమాల్లో ఒక కొత్త అంశం చేర్చింది.

సెర్చ్‌ను పక్కనపెట్టినా ఇంకో గొడవ ఉంది. పాత డొమైన్ పేరుతో మీకు మెయిల్ ఐడీ ఉండేదా? దాంతో తెరిచిన అకౌంట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. డొమైన్ కొన్నవాళ్లు అదే మెయిల్ ఐడీ సృష్టించుకుని 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కితే, ఆ లింకు నేరుగా వాళ్లకే వెళ్తుంది. ఆ అకౌంట్లన్నిటిలో మెయిల్ మార్చేదాకా ఆటో రెన్యూవల్ ఆపకండి. రెన్యూవల్ హెచ్చరికలు కూడా ఆ పాత మెయిల్‌కే వెళ్తున్నాయేమో ఒకసారి చూసుకోండి.